పాలు పోసేవారి పాలు ఎంత?

(పాల ఉత్పత్తిదారుల సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కలవారి సంపదలో కష్టపడేవారి వాటా ఎంత అనే విషయం మీద నన్ను మాట్లాడమన్నారు. ఇది పార్టీల సభల్లో చెప్పుకునే మాట కదా, పాల సంఘంలో దేనికి అని ఒకరిద్దరైనా అనుకుంటూ ఉంటారు. మన భాషలో పాలు అంటే గేదె ఇచ్చేవే కాదు, వాటా అని కూడా అర్థం. సగపాలు, పాలివాడు, పాలికాపు అనే మాటలు ఆ వాటా నుంచి వచ్చినవే. కాబట్టి ఈ సంగతి మాట్లాడటానికి పాల సంఘం తగిన చోటే అనుకుంటాను.

ముందు దేశం లెక్క ఒక్క ముక్కలో చెబుతాను. పికెటీ మొదలైన ఆర్థికవేత్తలు 2024లో ప్రకటించిన అంచనా ప్రకారం 2022-23 నాటికి మన దేశ సంపదలో నూటికి 40 వంతులు పైనున్న ఒక్క శాతం మంది చేతిలో ఉన్నాయి. అడుగున ఉన్న సగం జనాభాకు కలిపి నూటికి ఆరున్నర వంతులు కూడా లేవు. ఈ లెక్క వినగానే మనమంతా బొంబాయి, ఢిల్లీ వైపు వేలు చూపిస్తాం. చూపించవలసిందే. కాని ఇవాళ నేను మాట్లాడదలచింది మన గట్ల మీద సంగతి.

గోదావరి డెల్టాలో ఎకరం ధర ఎందుకంత పలుకుతుంది? నీళ్ళవల్ల. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. అంతకుముందు ఇది కరువులకు జనం చెదిరిపోయిన సీమ. కాటన్ దొరగారి విగ్రహానికి మనం దండలు వేస్తాం, మంచిదే. అయితే రాళ్ళు మోసినదీ, కాలవలు తవ్వినదీ వేలాది కూలీలు. ఖర్చు పెట్టినది సర్కారు. 1982లో పూర్తయిన కొత్త బ్యారేజీ కూడా ప్రజల సొమ్ముతో కట్టినదే. అంటే మన పొలం విలువలో మన తాతల కష్టం ఎంత ఉన్నదో, ఊరూ పేరూ తెలియని వారి కష్టం కూడా అంత ఉన్నది. ఆసామి కష్టపడలేదని నేను అనను. 1996 నవంబరు తుఫానుకు కోనసీమలో కొబ్బరితోటలు నేలకూలినప్పుడు రైతు ఎలా కుంగిపోయాడో మీకు నేను చెప్పనక్కరలేదు. ఒక్కడి కష్టంతో వచ్చిన సంపద ఇక్కడ లేదు అని మాత్రమే అంటున్నాను.

ఈ సంగతి పాతవారికి వారి పద్ధతిలో తెలుసు. కళ్ళంలోనే చాకలికి, మంగలికి, కమ్మరికి మేర కొలిచేవారు. కోత అయ్యాక చేలో పరిగె ఏరుకోనిచ్చేవారు. కూలికి వచ్చినవాడు సాయంత్రం ఒక గడ్డిమోపు ఇంటికి తీసుకుపోతే ఎవరూ అడ్డం చెప్పేవారు కారు. ఆ మోపుతోనే కూలివాడి ఇంటిముందు ఒక గేదె బతికేది. ఇప్పుడు కోత మిషన్లు వచ్చాయి, పరిగె లేదు. భీమవరం చుట్టుపక్కల వరిచేలు చెరువులయ్యాయి, గడ్డీ లేదు, గట్టు మీద మేపూ లేదు. అలాగని ఆ పాత రోజులు మళ్ళీ రావాలని నేను కోరను. ఆ మేర తీసుకునేవాడు నడుం వంచి, చేతులు కట్టుకుని, దొడ్డి బయట నిలబడి తీసుకోవలసి వచ్చేది. ఇచ్చేవాడి దయ ఉంటే ఇచ్చేవాడు, లేకపోతే లేదు.

దయ మీద ఆధారపడిన వాటా ఎలా ఉంటుందో వినోబా భావేగారి ఉద్యమంలోనూ చూశాం. 1951 ఏప్రిల్‌లో పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డిగారు 100 ఎకరాలు ఇచ్చారు. నన్నూ ఒక కొడుకుగా ఎంచి నా పాలు నాకు పంచండి అని వినోబాగారు దేశమంతా నడిచి అడిగారు. గొప్ప మాట. కాని వచ్చిన భూమిలో చాలా భాగం సాగుకు పనికిరానిది, కొంత పేదవాడిదాకా చేరనే లేదు. 1973 భూ సంస్కరణల చట్టం దయను నమ్ముకోకుండా పరిమితి పెట్టింది. మాగాణికి 10 నుంచి 27 ఎకరాలు అన్నారు. ఈలోగా పుస్తకాల్లో భూములు కొడుకులకు, కూతుళ్ళకు, చుట్టాలకు పంపకమైపోయాయి.

పుస్తకంలో పేరు అనే మాట వచ్చింది కాబట్టి కౌలు రైతు సంగతి చెప్పాలి. మన డెల్టాలో నాగలి పట్టేవారిలో ఎంతోమంది కౌలుదారులు. దుక్కి, ఊడ్పు, ఎరువు, మందు, అప్పు అన్నీ వారివి. 2011లో రుణ అర్హత కార్డుల చట్టం వచ్చింది, 2019లో సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. 2019 చట్టం కింద కార్డు రావాలంటే యజమాని ఒప్పంద పత్రం మీద సంతకం పెట్టాలన్నారు. పెడితే భూమి ఎక్కడ పోతుందో అని చాలామంది యజమానులు పెట్టరు. చేను మునిగితే నష్టపరిహారం చాలాసార్లు పట్టా ఉన్నవారి ఖాతాలో పడుతుంది. నష్టపోయినవాడు ఒకడు, పరిహారం పుచ్చుకున్నవాడు ఒకడు. ఇది అన్యాయమని ఈ సమావేశంలో చెయ్యెత్తమంటే అందరూ ఎత్తుతారు.

ఇప్పుడు మన సంఘం పుస్తకం తీద్దాం.

మన సంఘాల పుట్టుకే వాటా తగాదాలోంచి వచ్చింది. 1946లో గుజరాత్ ఖేడా జిల్లా రైతులు, బొంబాయికి పాలు పంపే పోల్సన్ కంపెనీ తమ కష్టం తింటోందని పదిహేను రోజులు పాలు పోయడం మానేశారు. త్రిభువన్‌దాస్ పటేల్‌గారి నాయకత్వంలో యూనియన్ పెట్టుకున్నారు. వారు పెట్టిన నియమం చిన్నది. మనిషికి ఒక్క ఓటు, లాభం పోసిన పాలను బట్టి. ఎక్కువ వాటాధనం పెట్టినవాడికి ఎక్కువ బోనస్ కాదు. కష్టాన్ని బట్టి పంపకం అనే న్యాయాన్ని మనం నోటితో కాదు, లెక్కతో ఒప్పుకున్నాం.

అయితే పాలు పోసిన కష్టం ఎవరిది? పదేసి గేదెలున్న కామందు తెల్లవారుజామున గడ్డి కోయడు. కుడితి పెట్టేది, పేడ ఎత్తేది, కాలవలో కడిగేది జీతగాడు, అతని భార్య. గేదెకు ఎద లక్షణాలు పైకి సరిగా కనపడవని మన పశువైద్యులు ఎన్నోసార్లు చెప్పారు. రాత్రి అరిచిందా, తీగలు వేసిందా అని కనిపెట్టేది కొట్టంలో పడుకున్న మనిషే. ఆ ఒక్క పూట ఏమరితే మళ్ళీ 21 రోజులు ఆగాలి, ఈత అంత వెనక్కి పోతుంది. పొదుగువాపు మొదటి రోజున చేత్తో పట్టుకుని చెప్పేదీ ఆ మనిషే. అలాగే పెయ్యను పాలుకు తీసుకుని మూడేళ్ళు పెంచి, ఈనాక సగం వెల పంచుకునే ఇళ్ళు మన ఊళ్ళల్లో ఇంకా ఉన్నాయి. వీరెవరి పేర్లూ మన పుస్తకంలో లేవు. చాలా ఇళ్ళల్లో పాలు పిండే ఆడమనిషి పేరు కూడా లేదు, మగవాడి పేరే ఉంది. పండుగ ముందు బోనస్ పంచినప్పుడు వీరు కేంద్రం బయట నిలబడి చూస్తారు. కౌలు రైతుకు జరిగినదానికీ దీనికీ తేడా ఏమిటో నాకు తెలియడం లేదు.

ఫ్యాక్టరీ పనివారికి 1965 బోనస్ చట్టం ఏడాది జీతంలో 8.33 శాతం, అంటే ఒక నెల జీతం, కంపెనీకి లాభం రాకపోయినా ఇవ్వాలన్నది. 2019 వేతనాల కోడ్‌లోనూ ఆ నియమం ఉన్నది. అది కొట్టంలో పనిచేసేవాడిదాకా రాదు. దాన్ని ఉన్నదున్నట్టు మనకు వర్తింపజేయమని నేను అడగను. లెక్క చూడండి. పది గేదెలాయన రోజుకు 40 లీటర్ల చొప్పున 300 రోజులు పోస్తే 12,000 లీటర్లు. లీటరుకు రూపాయి బోనస్ అనుకుంటే 12,000 రూపాయలు. జీతగాడికి ఒక నెల జీతం ఇస్తే ఆ బోనస్ మొత్తం దానికే సరిపోతుంది. చెక్క, తవుడు ధరలు ఇలా ఉండగా అది కుదరదని మీరంటారు, నేనూ ఒప్పుకుంటాను. అందుకని నాలుగో వంతు అడుగుతున్నాను. పై లెక్కలో 3,000 రూపాయలు. రెండు గేదెలు పెట్టుకుని ఇంటిల్లిపాదీ స్వయంగా చాకిరీ చేసేవారిని ఏమీ అడగడం లేదు. వారే కష్టజీవులు, వారికి ఇంకా రావలసి ఉన్నది. జీతగాణ్ణి పెట్టుకున్నవారినీ, పశువును పాలుకిచ్చినవారినీ మాత్రమే అడుగుతున్నాను. పాలుకిచ్చిన పశువు మీద వచ్చే బోనస్ సగం సగం కావాలి, వెల ఎలా పంచుకుంటున్నారో అలాగే.

"జీతం ఇస్తున్నాం కదా, మళ్ళీ బోనస్ ఏమిటి?" అని ఒక పెద్దాయన ఇందాక టీ దగ్గర అన్నారు. మంచి ప్రశ్నే. డెయిరీ మనకు పదిరోజులకోసారి పాల డబ్బు ఇస్తూనే ఉన్నది కదా, మళ్ళీ ఏడాది చివర బోనస్ ఎందుకు అడుగుతున్నాం? మిగిలినదాంట్లో మన కష్టం ఉన్నదనే కదా.

ఈ సొమ్ము చేతికి చేయి ఇచ్చుకుంటే మళ్ళీ దయ కిందికే వస్తుంది. సంఘమే బోనస్ పట్టీలో ఇంకొక గడి గీసి, సభ్యుడి సమ్మతితో పనిచేసేవారి పేర విడిగా రాసి, వారి ఖాతాలోనే వెయ్యాలి. పాలుకు మేపేవారిని వారి పేరుతోనే సభ్యులుగా చేర్చుకోవచ్చునా అనేది మన ఉపనిబంధనలు చూసి పాలకవర్గం వచ్చే సర్వసభ్య సమావేశం లోపల చెప్పాలని కోరుతున్నాను. ఇంట్లో పాలు పిండే ఆడవారి పేరున సభ్యత్వం మార్పించుకోదలచినవారు బోనస్ పట్టీ తయారు కాకముందే కార్యదర్శిగారికి దరఖాస్తు ఇవ్వండి. జీతగాళ్ళ పేర్లు రాయించేవారు కూడా అప్పుడే రాయించండి. సమ్మతి కాగితం మీద సభ్యుడి సంతకం ఒక్కటి చాలు.