సూది చెప్పు వేగము

పాత కారును బాగుచేయ బూనినవారి దృష్టి మొదట పైరంగు మీదను, తోలు ఆసనముల మీదను పడును. ఎదుటనున్న స్పీడోమీటరు సూది కదలుచున్నంతవరకు దానిని ఎవరును సందేహింపరు. ఆ నమ్మకము ఒక్కొక్కప్పుడు ప్రమాదమునకు దారితీయును.

1962 మొదలు 1980 వరకు ఇంగ్లండులోని ఆబింగ్డను కర్మాగారమున తయారైన ఎమ్.జి.బి. స్పోర్ట్సు కార్లలో ఒకదానిని మేము బాగుచేయుచుంటిమి. కొలిచి గుర్తుపెట్టిన మైలు దూరమును అది 72 సెకండ్లలో దాటినది. అనగా గంటకు 50 మైళ్ల వేగము. సూది మాత్రము 39 వద్ద నిలకడగా నిలిచినది. 30 మైళ్ల హద్దుగల వీథిలో ఈ సూదిని నమ్మి నడపువాడు, తానెరుగకయే 38 మైళ్లకు పైగా పోవుచుండును. అడ్డువచ్చిన బాలుని విషయమున ఆ భేదమెంతటిదో వేరుగ చెప్పనక్కరలేదు.

ఈ యంత్రము పనిచేయు తీరు సులభమైనదే. గేర్‌బాక్సు వెనుకభాగమున ఒక పళ్లచక్రము తిరుగుచు, చిన్న పినియనును త్రిప్పును. పినియను కేబులును, కేబులు స్పీడోమీటరులోని అయస్కాంతమును త్రిప్పును. అయస్కాంతము చుట్టునున్న పలుచని లోహపు గిన్నెలో విద్యుత్ప్రవాహములు పుట్టి, గిన్నె దానివెంట తిరుగజూచును. సన్నని స్ప్రింగు దానిని వెనుకకు పట్టియుంచును. ఈ పెనుగులాటయే సూది నిలుచు చోటును నిర్ణయించును. మైళ్ల అంకెలు మాత్రము స్ప్రింగుతో పనిలేక, కేబులు చుట్లను పళ్లచక్రముల మూలమున లెక్కించును.

కావున రోగనిర్ణయమునకు మార్గమిది. సూది వణకుచున్నచో కేబులు మెలికపడెనేమో, ఎండిపోయెనేమో చూడవలెను. మైళ్ల లెక్క సరిగానుండి సూది మాత్రము తప్పినచో దోషము స్పీడోమీటరు లోపలిది. రెండును ఒకే పాలున తప్పినచో, టైర్ల కొలత మారియుండనియెడల, భాగములు ఒండొంటికి జతగావని తెలియవలెను. మా కారునకు పట్టినది ఈ మూడవ రోగమే.

స్మిత్సు వారి స్పీడోమీటరు ముఖమున చిన్న అంకె యొకటి యుండును. మైలునకు కేబులు ఎన్ని చుట్లు తిరుగవలెనో అది చెప్పును. మా దానిపై 1280 అని యున్నది. కేబులును స్పీడోమీటరు నుండి విప్పి, లోపలి తీగకొనకు కాగితపుముక్క తగిలించితిమి. గేరును న్యూట్రలులో ఉంచి, కారును చదునైన నేలపై తిన్నగా 52 అడుగుల 9½ అంగుళములు నెట్టితిమి. అది మైలులో నూరవవంతు. కాగితము 13 చుట్లకు కొంచెము తక్కువగా తిరుగవలసియుండగా, పదియే తిరిగినది. మరల రెండుమార్లు నెట్టినను ఫలితమదియే. అనగా కారు ఇచ్చునది మైలునకు 1000 చుట్లు. స్పీడోమీటరు కోరునది 1280. ఎవరో పూర్వము ఒక తరము కారు భాగమును మరియొక తరము కారునకు అమర్చిరి. చూపునకు రెండును ఒక్కటే!

సూదిని కొంచెము జరిపిన చాలునని కొందరు చెప్పిరి. అట్లు చేసినచో వేగము ఒకచోట సరిపడినను మైళ్ల లెక్క అసత్యముగనే నిలుచును. ఆ కారును కొనువాడు మోసపోవును. కావున 1000 అంకె గల స్పీడోమీటరునే తెచ్చి అమర్చితిమి. కేబులునకు పలుచగా గ్రీజు రాసి, పైకొన జానెడు పొడిగా విడిచితిమి. లేనిచో జిడ్డు ప్రాకి స్పీడోమీటరులో చేరును. పిమ్మట అదే మైలును 72 సెకండ్లలో దాటగా సూది 50 వద్ద నిలిచినది.

పాత స్పీడోమీటరు చెడినది కాదు. తనకు తగిన కారులో అది నేటికిని సత్యమునే చెప్పును. భాగమును మార్చుటకు ముందు దాని జతను కొలిచి చూచుట మన ధర్మము.