సరిహద్దు దాటే కుటుంబం – చట్టం చూసే బంధుత్వం



మన ఇళ్లలో కుటుంబం అంటే ఎవరెవరు? అమ్మానాన్నలు, తోబుట్టువులు సరే. నాయనమ్మ, మేనత్త, బాబాయి పిల్లలు కూడా మనవాళ్లే. శుభలేఖలు పంచేటప్పుడు ఈ లెక్క ఇంకా పెరుగుతుంది. కానీ ఒకరు ఒక దేశంలో, మరొకరు ఇంకో దేశంలో ఉండి, ఒకే చోట కలిసి బతకాలనుకున్నప్పుడు ఎవరు కుటుంబమో తేల్చేది మనం కాదు, చట్టం. ఎలా తేలుస్తుందో ఈనాటి ప్రసంగంలో తెలుసుకుందాం.

ఢిల్లీలోని కరోల్ బాగ్‌తో మొదలుపెడదాం. సివిల్స్ శిక్షణ కోసం తెలుగు యువతీయువకులు ఎందరో వెళ్లే ప్రాంతం అది. హకీం అజ్మల్ ఖాన్ కృషితో తిబ్బియా కళాశాల 1921లో అక్కడ ప్రారంభమైంది. జామియా మిలియా విద్యాసంస్థ 1925లో అలీగఢ్ నుంచి అక్కడికే తరలివచ్చి కొన్నేళ్లు నడిచింది. 1947లో దేశ విభజనతో ఆ ప్రాంతం రూపురేఖలే మారిపోయాయి. ముస్లిం కుటుంబాలు ఎన్నో ఇళ్లు విడిచి వెళ్లాయి. పశ్చిమ పంజాబు నుంచి కాందిశీకులుగా వచ్చిన కుటుంబాలు అక్కడ స్థిరపడ్డాయి. ఇవాళ మనం చూసే అజ్మల్ ఖాన్ రోడ్డు, గఫార్ మార్కెట్ పేర్లలో ఆ చరిత్ర మిగిలి ఉంది. ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్ సరిహద్దు అవతలే ఉండిపోయారు. ఆయన పేరు మాత్రం ఇక్కడ నిలిచింది.

అప్పట్లో ఇంట్లో అందరూ ఒకేసారి కదల్లేదు. ఒకరు ముందు, మరొకరు వెనుక. భర్త ఒక వైపు, భార్యాబిడ్డలు మరో వైపు. ఇలా ఉండగా 1948 జులైలో పశ్చిమ పాకిస్తాన్ నుంచి వచ్చేవారికి మన ప్రభుత్వం పర్మిట్ పద్ధతి పెట్టింది. చూసి వెళ్లడానికి తాత్కాలిక పర్మిట్ వేరు, శాశ్వతంగా తిరిగి రావడానికి పర్మిట్ వేరు. ఆ నెల 19వ తేదీ తర్వాత రాజ్యాంగంలోకే ఎక్కింది. 6వ అధికరణం చూడండి. దరఖాస్తుదారు గానీ, తల్లిదండ్రుల్లో ఒకరు గానీ, తాత అమ్మమ్మల్లో ఒకరు గానీ అవిభక్త భారతదేశంలో పుట్టి ఉండాలి. 1948 జులై 19కి ముందే వలస వచ్చి ఇక్కడే నివసిస్తుంటే చాలు, పౌరులే. ఆ రోజునో, ఆ తర్వాతో వస్తే ఆరు నెలలు నివసించాక దరఖాస్తు పెట్టి నమోదు చేయించుకోవాలి. అన్న పద్దెనిమిదిన, తమ్ముడు పంతొమ్మిదిన సరిహద్దు దాటారనుకోండి. రక్తం ఒకటే, దారి మాత్రం రెండు.

మరి భార్యాభర్తల మాటేమిటి? బీహార్ రాష్ట్రం, కుమార్ అమర్ సింగ్ వ్యాజ్యంలో 1955లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు దీనికి జవాబు చెబుతుంది. అందులోని మహిళ 1948 జులైలో కరాచీ వెళ్లారు. డిసెంబరులో తాత్కాలిక పర్మిట్‌పై వచ్చి, మళ్లీ తిరిగి వెళ్లారు. తర్వాత శాశ్వత పర్మిట్ తెచ్చుకున్నా అది రద్దయింది. భర్త స్థిరనివాసం ఇక్కడే కాబట్టి భార్యదీ ఇక్కడే అని వాదించారు. కోర్టు ఒప్పుకోలేదు. 1947 మార్చి 1 తర్వాత పాకిస్తాన్‌కు వలస వెళ్లినవారిని పౌరులుగా పరిగణించరాదన్న 7వ అధికరణమే పైమాట అయింది. వివాహబంధం ఒక్కటే పౌరసత్వాన్ని నిలపలేకపోయింది.

ఈ చరిత్ర నుంచి మనకు మూడు ప్రశ్నలు దొరుకుతాయి. పిలిచే వ్యక్తికి ఆ దేశంలో ఏ హోదా ఉంది? పిలిపించుకునే బంధువు చట్టం రాసుకున్న జాబితాలో ఉన్నారా? తేదీ ఏది? ఏ దేశపు కుటుంబ వలస చట్టమైనా ఈ మూడింటి చుట్టూనే తిరుగుతుంది. ఎక్కువమంది తెలుగువారికి పరిచయమైన అమెరికానే తీసుకుందాం.

అక్కడి ప్రస్తుత కుటుంబ వలస విధానానికి 1965 నాటి చట్టం పునాది. పౌరుడు భార్యను లేక భర్తను, పెళ్లికాని 21 ఏళ్లలోపు పిల్లలను పిలిపించుకోవచ్చు. పౌరుడికే 21 ఏళ్లు నిండితే తల్లిదండ్రులనూ పిలవవచ్చు. వీరికి సంఖ్యా పరిమితి లేదు. తోబుట్టువులకు అవకాశం ఉన్నా ఏడాదికి ఇన్నే వీసాలన్న పరిమితి, దేశాలవారీ పరిమితి రెండూ ఉన్నాయి. అందువల్ల భారతీయులకు ఆ వరుస పదిహేనేళ్లకు పైబడింది. దరఖాస్తు అందిన తేదీయే వరుసలో వారి స్థానం. గ్రీన్‌కార్డు మాత్రమే ఉన్నవారు జీవిత భాగస్వామిని, పెళ్లికాని పిల్లలను పిలవగలరు గానీ తల్లిదండ్రులను పిలవలేరు. మేనత్త, బాబాయి ఏ జాబితాలోనూ లేరు. పిలిచే వ్యక్తి ఆదాయం చూపించి, వచ్చేవారి పోషణకు పూచీపత్రం కూడా రాసివ్వాలి. అంటే స్పాన్సర్ చేయడం ఆహ్వానం ఒక్కటే కాదు, చట్టం ముందు నెత్తిన వేసుకునే బాధ్యత.

ఇక హెచ్-1బి ఉద్యోగంపై వెళ్లినవారి పిల్లల సంగతి. వారు హెచ్-4 హోదాలో, తల్లిదండ్రుల మీద ఆధారపడినవారిగా ఉంటారు. మూడో ఏట వెళ్లిన బిడ్డ బడి, స్నేహితులు, భాష అన్నీ అక్కడివే. తల్లిదండ్రుల గ్రీన్‌కార్డు వరుస కదలకముందే 21 ఏళ్లు నిండితే ఆ హోదా పోతుంది. పిల్లల వయసు లెక్కింపులో కొంత ఊరట ఇస్తూ 2002లో ఒక చట్టం వచ్చింది గానీ, అది అందరినీ కాపాడలేదు. ఆ ఇంట్లో పుట్టినరోజు పండుగ కాదు, గడువు. ఒకే ఇంట్లో అమెరికాలోనే పుట్టి అక్కడి పౌరురాలైన చెల్లెలు, వీసా కోసం దారి వెతుక్కునే అన్న ఉండవచ్చు.

మన దేశంలోనూ నిబంధనలు ఉన్నాయి. భారత పౌరులను పెళ్లాడిన విదేశీయులు ఏడేళ్లు ఇక్కడ నివసించాక, 1955 పౌరసత్వ చట్టం కింద నమోదుకు దరఖాస్తు చేసుకోవచ్చు. ప్రవాస భారతీయ పౌరుల కార్డు, అంటే ఓసీఐ కావాలంటే పెళ్లి రిజిస్టరై రెండేళ్లు నిరంతరంగా కొనసాగి ఉండాలి. పేరులో పౌరసత్వం ఉన్నా, ఆ కార్డుకు ఓటు హక్కు లేదు. విదేశీయుల రాకపోకలకు సంబంధించిన పాత చట్టాల స్థానంలో 2025 సెప్టెంబర్ 1 నుంచి కొత్త చట్టం అమల్లోకి వచ్చింది.

రాజ్యానికి తన గడప మీద అధికారం ఉండాలి, నిజమే. మనిషికి తన వాళ్లతో బతికే కోరికా అంతే నిజం. ఈ రెంటినీ చట్టం తూచే తక్కెడే జాబితా, తేదీ. తల్లిదండ్రులు కుటుంబంలోకి రారా, 21 ఏళ్లు నిండగానే బిడ్డ బిడ్డ కాకుండా పోతుందా అన్నవి మీ తరగతిలో చర్చించదగ్గ ప్రశ్నలు.

చివరగా ఒక పని అప్పగిస్తాను. ఇంటికి వెళ్లి మీ జనన ధ్రువపత్రం, పదో తరగతి మార్కుల జాబితా, అమ్మానాన్నల వివాహ నమోదు పత్రం పక్కపక్కన పెట్టి చూడండి. ఇంటిపేరు, పుట్టిన తేదీ అన్నింటిలో ఒకేలా ఉన్నాయా? బడిలో చేర్చేటప్పుడు ఎవరో ఉజ్జాయింపుగా రాయించిన తేదీ రేపు విదేశీ అధికారి బల్ల మీద ప్రశ్నగా మారవచ్చు. తప్పుంటే ఇప్పుడే చట్టప్రకారం సరిచేయించుకోండి. దొంగ పత్రంతో దగ్గరి దారి చూపిస్తామనే దళారుల మాట నమ్మకండి. పట్టుబడితే దర్జాగా వెళ్లాల్సిన తలుపు శాశ్వతంగా మూసుకుపోవచ్చు. నిబంధనలు తరచు మారుతుంటాయి కాబట్టి ఆయా ప్రభుత్వాల అధికారిక ప్రకటనలే చూడండి.