కీళ్ళవాతం: నొప్పి మాత్రతో ఆగని జబ్బు
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను, బడిలో సైన్సు చెప్పేవాడిని. మనం పేదలకిచ్చే మందుల్లో నొప్పి మాత్రల గురించి నాలుగు మాటలు చెబుతాను.

ఫజర్ వేళ వజూకు కుళాయి తిప్పలేక, పొద్దెక్కితే గానీ వేళ్ళు మడవలేని ఆడవాళ్ళు మన ఇళ్ళలో ఉన్నారు. వయసు నొప్పులని ఇంట్లోనే తేల్చేస్తారు. మోకాలు అరగడం వేరే సంగతి. రెండు చేతుల వేళ్ళ కణుపులూ వాచి, ఉదయం గంటసేపు బిగుసుకుపోతే అది రుమటాయిడ్ ఆర్థరైటిస్ కావచ్చు. ముప్పై ఏళ్ళకే రావచ్చు. ఒంటిని కాపాడవలసిన రక్షణ వ్యవస్థే కీలు లోపలి పొర మీద దాడి చేస్తుంది.

ఆ దాడికి కబుర్లు మోసేవి సైటోకైన్లనే ప్రోటీన్లు. వాచిన కీలులో ఇవి చాలా రకాలు. ఒకదాన్ని ఆపితే మిగతావి ఊరుకుంటాయా అని చాలామంది శాస్త్రజ్ఞులు సందేహించారు. లండన్‌లో మార్క్ ఫెల్డ్‌మన్, మన లూధియానాలో పుట్టిన రవీందర్ మైనీ, వారి బృందం రోగుల కీళ్ళలోని కణాలను తీసి పెంచి చూశారు. టి.ఎన్.ఎఫ్. అనే ఒక్కదాన్ని అడ్డుకుంటే ఇంటర్‌ల్యూకిన్-1 అనే ఇంకొకటి తయారవడం కూడా తగ్గిపోయింది. మిగతావాళ్ళను నిద్రలేపేది ఇదేనన్నమాట! 1992లో ఛేరింగ్ క్రాస్ ఆసుపత్రిలో తొలి పరీక్షగా 20 మందికి టి.ఎన్.ఎఫ్.ను పట్టి ఆపే యాంటీబాడీ ఎక్కించడం మొదలుపెట్టారు. నొప్పి, వాపు, బిగుతు వారాల్లోనే తగ్గాయి. మందు ప్రభావం పోయాక తిరగబెట్టాయి కూడా. జబ్బు అదుపులోకి వస్తుంది గానీ పూర్తిగా పోదు.

డైక్లోఫెనాక్ వంటి మాత్రలు నొప్పిని తగ్గిస్తాయి, కీలు పాడవడాన్ని ఆపవు. ఏళ్ళ తరబడి మింగితే కడుపులో పుండ్లు, కిడ్నీలకు చేటు.

టి.ఎన్.ఎఫ్. సూదులు ఇప్పుడు మన దేశంలోనూ తయారవుతున్నాయి, అయినా పేదింటికి భారమే. పైగా లోపల నిద్రపోతున్న టీబీని లేపగలవు, ముందు ఆ పరీక్ష తప్పదు. అయితే మెథోట్రెక్సేట్ అనే పాత, చవక మాత్రను తొందరగా మొదలుపెడితే చాలామందికి సూది అవసరమే రాదు. అందుకే నొప్పి మాత్రల డబ్బులో కొంత కీళ్ళ డాక్టరు ఫీజుకు, రక్త పరీక్షలకు మళ్ళించమని కోరుతున్నాను.

గర్భిణులు, బిడ్డ కోసం చూస్తున్నవారు మెథోట్రెక్సేట్ వాడకూడదు. మిగతావారు డాక్టరు చెప్పినట్టు వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. జుమా రోజని పెట్టుకుంటే మరచిపోరు. మనం ఇచ్చే ప్రతి కవరు మీదా ఆ మాట తెలుగులోనూ ఉర్దూలోనూ రాయించండి.