బిల్లు పాసైంది సరే, అందులో ఏం రాసి ఉంది? – 2014 ఫిబ్రవరి కథ



మా మామయ్య కూతురు గ్రూప్-2కి ప్రిపేర్ అవుతోంది. మొన్న ఫోన్ చేసి, "బావా, బిల్లు చట్టంగా ఎలా మారుతుందో ఒకసారి అప్పజెప్తాను, విను" అంది. మొదటి పఠనం, రెండో పఠనం, మూడో పఠనం, రెండో సభ, రాష్ట్రపతి సంతకం, గెజిట్. ఊపిరి తీసుకోకుండా చెప్పేసింది. మొదటి పఠనం అంటే బిల్లు ప్రవేశపెట్టడం. రెండోది చర్చ, తర్వాత క్లాజు క్లాజుగా ఓటింగు. మూడోది మొత్తం బిల్లు మీద చివరి ఓటు. ఒక్క తప్పు లేదు. నేను ఒకటే అడిగాను: "సరే, మరి అమ్మమ్మ వాళ్ల ఊరు ఒక రాష్ట్రానికి ఓటేసి ఇంకో రాష్ట్రంలో ఎలా తేలింది? నువ్వు చెప్పిన వరసలో అదెక్కడుంది?" సైలెంట్.

అందుకే ఈ ఎపిసోడ్. ఈ వరస అందరికీ బట్టీ వచ్చు. దాన్ని ఒక నిజమైన బిల్లు మీద పెట్టి చూద్దాం. మనందరం టీవీల ముందు కూర్చుని చూసిన బిల్లే, ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లు, 2014. విభజన కరెక్టా తప్పా అన్నది ఈరోజు టాపిక్ కాదు. మా అమ్మది భద్రాచలం వైపు, నాన్నది గుంటూరు వైపు, ఆ డిబేట్ మా డైనింగ్ టేబుల్ మీదే పన్నెండేళ్లుగా నడుస్తోంది. నన్ను వదిలేయండి.

బిల్లు పార్లమెంటులో మొదలవుతుంది అనుకుంటాం. దీని విషయంలో పని ముందే మొదలైంది. 2013 అక్టోబర్ 3న కేంద్ర క్యాబినెట్ ఓకే చెప్పింది, తర్వాత మంత్రుల బృందం ఒకటి కూర్చుని ముసాయిదా మీద పనిచేసింది. కొత్త రాష్ట్రం ఏర్పాటు చేయాలంటే రాజ్యాంగంలో ఆర్టికల్ 3 ప్రకారం రాష్ట్రపతి ఆ బిల్లును సంబంధిత రాష్ట్ర అసెంబ్లీకి పంపించాలి. పంపించారు. జనవరి 23 వరకు గడువు ఇచ్చారు, తర్వాత ఇంకో వారం పెంచారు. జనవరి 30న, అప్పటి ముఖ్యమంత్రి కిరణ్ కుమార్ రెడ్డి పెట్టిన తీర్మానంతో అసెంబ్లీ మూజువాణి ఓటుతో బిల్లును తిరస్కరించింది.

అయినా బిల్లు ఆగలేదు. ఎందుకు? ఆర్టికల్ 3లో ఉన్న మాట "అభిప్రాయం". "అంగీకారం" కాదు. అసెంబ్లీ ఏం చెప్పినా పార్లమెంటు దానికి కట్టుబడి ఉండక్కర్లేదని సుప్రీంకోర్టు బొంబాయి రాష్ట్ర విభజన కేసులోనే చెప్పేసింది. నేను ఏడేళ్లు కోడ్ రాసి బతికాను కాబట్టి నాకు ఇలా అర్థమవుతుంది: అసెంబ్లీకి రివ్యూ చేసే హక్కు ఉంది, మర్జ్ ఆపే హక్కు లేదు. ఎన్ని రెడ్ కామెంట్లు పెట్టినా అటువైపు బటన్ నొక్కేస్తారు. ఆ ఒక్క పదం తెలియక అప్పట్లో మా కాలేజీలో సగం మంది "అసెంబ్లీ కొట్టేసిందిగా, ఇంక అయిపోయింది" అని పందేలు కాశారు. నేను కూడా. నలభై రూపాయలు పోయాయి.

తర్వాత ఢిల్లీ. మొదట దీన్ని రాజ్యసభలో పెడదాం అనుకున్నారు. కానీ ఇది ఫైనాన్షియల్ బిల్లు కిందకి వస్తుందని, అలాంటి బిల్లు మొదట లోక్‌సభలోనే పెట్టాలని తేలింది. అలా ఫిబ్రవరి 13న హోం మంత్రి సుశీల్ కుమార్ షిండే లోక్‌సభలో ప్రవేశపెట్టారు. ఆ రోజు ఏం జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది: పెప్పర్ స్ప్రే, దగ్గుకుంటూ బయటికి పరిగెత్తిన ఎంపీలు, అంబులెన్సులు. ఫిబ్రవరి 18న లోక్‌సభ పాస్ చేసింది. అప్పుడు టీవీ ప్రసారం ఆగిపోయింది. నేను ఇంటర్లో ఉన్నాను, హాస్టల్ మెస్‌లో టీవీ ముందు వంద మందిమి నిలబడ్డాం, తెర మీద సభ లేదు. కాసేపటికి కింద స్క్రోలింగ్‌లో "బిల్లుకు ఆమోదం" అని వచ్చింది. సగం మంది గంతులేశారు, సగం మంది పళ్లేలు అక్కడే పెట్టి వెళ్లిపోయారు. క్లాజు క్లాజుగా ఓటింగు అని పుస్తకంలో చదువుకుంటాం కదా, ఆ స్టెప్ అలా చూడకుండానే దాటిపోయింది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నా. ఫిబ్రవరి 20, గురువారం, రాజ్యసభ.

ఆంధ్రప్రదేశ్‌కి ప్రత్యేక హోదా ఇవ్వాలని సభలో డిమాండ్ వచ్చింది. వెంకయ్య నాయుడు గట్టిగా అడిగారు. ప్రధాని మన్మోహన్ సింగ్ లేచి, కొత్త ఆంధ్రప్రదేశ్‌కి అయిదేళ్లపాటు ప్రత్యేక హోదా ఇస్తామని, ఇంకా కొన్ని హామీలు సభలో ప్రకటించారు. బిల్లు మాత్రం ఉన్నదున్నట్టుగా పాసైంది. ప్రత్యేక హోదా అన్న మాట బిల్లులోకి ఎక్కలేదు.

మరి అంత పెద్ద హామీని ఒక సవరణగా బిల్లులోనే ఎందుకు రాయలేదు? క్యాలెండర్ తీసి చూడండి. రెండు సభలూ ఒకే బిల్లును, ఒకే రూపంలో, అక్షరం తేడా లేకుండా ఆమోదించాలి. రాజ్యసభ ఒక్క క్లాజు మార్చినా బిల్లు మళ్లీ లోక్‌సభకి వెళ్లి అక్కడ ఆ మార్పుకి ఓకే చెప్పించుకోవాలి. మరుసటి రోజు, ఫిబ్రవరి 21, ఆ లోక్‌సభకి చివరి రోజు. ఆ తర్వాత ఎన్నికలు. లోక్‌సభ రద్దయ్యేసరికి బిల్లు రెండు సభలూ దాటకపోతే అది మురిగిపోతుంది, కొత్త సభలో మళ్లీ మొదటి నుంచి రావాలి. 18న ఎలా పాసైందో చూశాం కదా. ఒక్క రోజులో, అదే సభలో, మళ్లీ ఓటింగు. ఆ రిస్క్ ఎవరు తీసుకుంటారు? ఇది నా లెక్క, కానీ తేదీలు మాత్రం నావి కాదు.

మా టీముల్లో కూడా ఇదే జరిగేది. రిలీజ్ రేపు అనగా క్లయింట్ ఒక ఫీచర్ అడుగుతాడు. మేనేజర్ మీటింగులో "తప్పకుండా చేస్తాం" అంటాడు. టికెట్ ఉండదు. ఆ మేనేజర్ మారిపోతాడు. కొత్త మేనేజర్ డాక్యుమెంట్ తెరిచి "ఇందులో ఎక్కడా లేదే" అంటాడు. అబద్ధం కూడా కాదు అది.

2016 సెప్టెంబర్‌లో అప్పటి ఆర్థిక మంత్రి అరుణ్ జైట్లీ హోదా బదులు ప్రత్యేక సాయం ప్రకటించారు. సభలో ప్రధాని ఇచ్చిన మాటకి రాజకీయంగా బరువు ఉంటుంది, నైతికంగా ఉంటుంది. ఉద్యమాలు చేయొచ్చు, ఎన్నికలు గెలవొచ్చు, ఓడొచ్చు. కానీ "ఫలానా సెక్షన్ కింద ఇవ్వండి" అని అడగడానికి ఆ సెక్షన్ లేదు.

సరే, అందులో రాసి ఉన్నవైనా అన్నీ జరిగాయా? ఇక్కడ క్రియాపదాలు చూడాలి. చిన్నప్పుడు తెలుగు మాస్టారు వాక్యంలో క్రియ ఎక్కడుందో చూడరా అని చెవి మెలిపెట్టేవారు, ఆయనకి ఇప్పుడు దండం పెట్టాలి. చట్టం చివర్లో పదమూడో షెడ్యూల్ ఉంది. కడపలో ఉక్కు ఫ్యాక్టరీ, ఖమ్మంలో ఉక్కు ఫ్యాక్టరీ, కొత్త రైల్వే జోన్, తెలంగాణకి రైల్ కోచ్ ఫ్యాక్టరీ, ఇవన్నీ అందులో ఉన్నాయి. టీవీ డిబేట్‌లో రెండు రాష్ట్రాల నాయకులూ "చట్టంలో ఉంది" అంటారు. నిజమే, ఉంది. ఏమని ఉంది? ఆరు నెలల్లోగా సాధ్యాసాధ్యాలు "పరిశీలించాలి" అని. పరిశీలించాం, లాభసాటి కాదు అని ఒక రిపోర్టు ఇస్తే చట్టాన్ని పాటించినట్టే! అదే షెడ్యూల్లో ఐఐటీ, ఎన్ఐటీ, ఐఐఎం లాంటి వాటి దగ్గర "స్థాపించడానికి చర్యలు తీసుకోవాలి" అని ఉంది. తిరుపతి ఐఐటీ, విశాఖ ఐఐఎం, తాడేపల్లిగూడెం ఎన్ఐటీ 2015లోనే క్లాసులు మొదలుపెట్టాయి. వైజాగ్ కేంద్రంగా రైల్వే జోన్ ప్రకటన రావడానికి 2019 ఫిబ్రవరి అయింది. క్రియ ఒక్కటే కారణం అనను, రాజకీయాలు, డబ్బులు అన్నీ ఉంటాయి. కానీ క్రియ బలహీనంగా ఉంటే తప్పించుకోవడం ఎంత ఈజీయో చూడండి.

ఇంకొకటి, నాకు బాగా నచ్చిన ఉదాహరణ. సెక్షన్ 26. అసెంబ్లీ సీట్లు ఆంధ్రలో 175 నుంచి 225కి, తెలంగాణలో 119 నుంచి 153కి పెరగాలి అని స్పష్టంగా అంకెలతో సహా ఉంది. మరి ఎందుకు పెరగలేదు? ఆ సెక్షన్ "ఆర్టికల్ 170కి లోబడి" అన్న మాటతో మొదలవుతుంది. ఆర్టికల్ 170 ఏమంటుంది? 2026 తర్వాత జరిగే మొదటి జనాభా లెక్కలు వచ్చేదాకా సీట్లు ముట్టుకోకండి అంటుంది. అంటే ఫంక్షన్ మొత్తం చక్కగా రాసి, మొదటి లైన్‌లోనే ఇఫ్ కండిషన్ పెట్టారు, ఆ కండిషన్ ఫాల్స్. కింద ఎంత కోడ్ ఉన్నా రన్ అవ్వదు. దీని మీద సుప్రీంకోర్టు దాకా వెళ్తే 2025 జూలైలో కోర్టు కూడా అదే చెప్పి పిటిషన్ కొట్టేసింది.

మళ్లీ వరసలోకి వద్దాం. మార్చి 1న రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ సంతకం చేశారు. బిల్లు అన్న పేరు పోయి 2014 నాటి 6వ నంబరు చట్టం అయింది. మామూలు బిల్లు అయితే రాష్ట్రపతి ఒకసారి వెనక్కి పంపొచ్చు, పార్లమెంటు మళ్లీ పాస్ చేసి పంపితే సంతకం చేయాల్సిందే. ఇక్కడ ఆ అవసరం రాలేదు. కానీ మార్చి 2న పొద్దున లేచేసరికి రెండు రాష్ట్రాలు ఉన్నాయా? లేవు. సంతకం అయ్యాక కూడా చట్టం అమల్లోకి వచ్చే తేదీని వేరుగా ప్రకటించాలి. మనందరికీ బాగా తెలిసిన "అపాయింటెడ్ డే" అదే. మార్చి 4న నోటిఫికేషన్ ఇచ్చి జూన్ 2 అని చెప్పారు. మధ్యలో మూడు నెలలు. ఆ మూడు నెలల్లోనే ఉమ్మడి రాష్ట్రంలోనే ఎన్నికలు జరిగాయి, తెలంగాణ ప్రాంతంలో ఏప్రిల్ 30న, మిగతా చోట్ల మే 7న.

ఇప్పుడు అమ్మమ్మ ఊరు. కూనవరం మండలం, గోదావరిలో శబరి కలిసే చోటు. పోలవరంలో మునిగే గ్రామాలు కొన్నింటిని మార్చిలో వచ్చిన చట్టమే ఆంధ్రలో ఉంచింది. అమ్మమ్మ వాళ్ల ఊరు ఆ లిస్టులో లేదు. కాబట్టి తెలంగాణ. ఏప్రిల్ 30న అమ్మమ్మ భద్రాచలం నియోజకవర్గంలో ఓటేసింది, వేలికి సిరా చూపించి మరీ ఫోటో దిగింది.

మే 29న ఆర్డినెన్స్ వచ్చింది. గ్రామాల లిస్టు బదులు మండలాలకి మండలాలే ఆంధ్రలోకి: కూనవరం, వీఆర్ పురం, చింతూరు, కుకునూరు, వేలేరుపాడు మొత్తం. భద్రాచలం మండలంలో భద్రాచలం ఊరు తప్ప మిగతాది, బూర్గంపాడులో కొంత భాగం. ఆర్డినెన్స్ అంటే పార్లమెంటు సమావేశాల్లో లేనప్పుడు క్యాబినెట్ సలహా మీద రాష్ట్రపతి ఇచ్చే చట్టం. చర్చ లేదు, ఓటు లేదు, కానీ ఆ రోజు నుంచే అమలు. పార్లమెంటు మళ్లీ కూర్చున్నాక ఆరు వారాల్లో ఆమోదించకపోతే చెల్లదు. ఆమోదించారు, జూలై 11న లోక్‌సభ, 14న రాజ్యసభ. కానీ జూన్ 2 అప్పటికే దాటిపోయింది. ఆ నిర్ణయం జరిగే టైముకి అభిప్రాయం అడగడానికి తెలంగాణ అసెంబ్లీ అన్నదే ఇంకా పుట్టలేదు. మే 29న తెలంగాణలో బంద్ కూడా జరిగింది.

ఫలితం ఏమిటంటే, అమ్మమ్మ ఓటేసిన నియోజకవర్గం ఎమ్మెల్యే హైదరాబాద్‌లో తెలంగాణ అసెంబ్లీలో కూర్చున్నారు, అమ్మమ్మ ఊరు ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. ఖమ్మం జిల్లా కలెక్టరాఫీసు బదులు తూర్పు గోదావరి, అంటే కాకినాడ. ఆ ఏడాది మా మామయ్య ఒక సర్టిఫికెట్ కోసం మొదట భద్రాచలం వెళ్తే మీది మాది కాదు అన్నారు, అటు వెళ్తే మీ రికార్డులు ఇంకా రాలేదు అన్నారు. మళ్లీ తమ రాష్ట్రం అసెంబ్లీకి అమ్మమ్మ ఓటు వేసింది 2019లో, రంపచోడవరం నియోజకవర్గంలో.

నా మరదలికి ఇదంతా చెప్పాను. కాసేపు ఆలోచించి, "అయితే బావా, పరీక్షలో నేను మామూలు వరసే రాస్తాను, మార్కులు దానికే వేస్తారు" అంది. రాయమన్నాను. చట్టం పీడీఎఫ్ కూడా పంపాను, ఇండియా కోడ్ వెబ్‌సైట్లో ఫ్రీగానే ఉంటుంది. మీరూ డౌన్‌లోడ్ చేసుకుని ముందు పదమూడో షెడ్యూల్ చదవండి. మొత్తం చదవక్కర్లేదు, క్రియల కింద పెన్సిల్‌తో గీత గీయండి చాలు.

వచ్చే ఎపిసోడ్‌లో రాష్ట్ర బిల్లుల సంగతి చూద్దాం. అసెంబ్లీ పాస్ చేసిన బిల్లు గవర్నర్ టేబుల్ మీద ఎన్నాళ్లు ఉండొచ్చు అన్నది. 2023లో తెలంగాణ ప్రభుత్వం ఇదే ప్రశ్నతో సుప్రీంకోర్టుకి వెళ్లింది, అక్కడి నుంచి మొదలుపెడదాం. ఉంటానండి.