శబరి చేతికి రేగుపండు ఎవరిచ్చారు?

(జి.మాడుగులలో గిడుగు రామమూర్తి స్మారకోపన్యాసం)

శబరి పేరెత్తగానే ఈ సభలో ఎవరికైనా గుర్తొచ్చేది ఎంగిలిపండే. కొరికి, తీపి చూసి, రాముడికి అందించిన ముసలమ్మే. వాల్మీకి రామాయణంలో మాత్రం ఆ ఎంగిలి ఎక్కడా లేదు. అరణ్యకాండ 74వ సర్గలో కనిపించే శబరి జడలు కట్టి, నారచీర, జింకచర్మం ధరించిన తపస్విని. మతంగ మహర్షి శిష్యులకు శుశ్రూష చేసి సిద్ధి పొందిన మనిషి. విఘ్నాలు గెలిచావా, తపస్సు పెరుగుతోందా, కోపం అదుపులో ఉందా అని రాముడు ఆమెను అడుగుతాడు. సాటి తాపసిని అడిగే ప్రశ్నలవి. ఆమె పంపాతీరాన ఏరిపెట్టిన అడవి ఫలాలు అతనికి పెట్టి, మతంగవనమంతా తిప్పి చూపించి, అగ్నిప్రవేశం చేసి వెళ్ళిపోతుంది.

కొరికిన రేగుపండు తర్వాతి భక్తికథల చేర్పు. దానివల్ల శబరి జనానికి చేరువైంది, కాదనలేం. తపస్సు మాత్రం మరుగున పడింది. అడవి ఆడదానికి ప్రేమ ఉంటే ఉండవచ్చు, జ్ఞానమెక్కడిది అనుకున్నారు కాబోలు!

మైదానపు ఆడవాళ్ళకూ శాస్త్రచర్చ సులువుగా దక్కలేదు. జనకుడి సభలో గార్గి ప్రశ్న మీద ప్రశ్న వేస్తుంటే, ఇంకా అడిగితే తల రాలిపోతుందన్నాడు యాజ్ఞవల్క్యుడు. ఆమె అప్పటికి ఊరుకుని, తర్వాత లేచి మళ్ళీ అడిగింది. మన తరిగొండ వెంగమాంబ (1730–1817) కావ్యాలు రాసి, తిరుమలలో తన పేరిట ముత్యాలహారతి నిలిచేలా చేసుకుంది. ఏకాంతసేవలో అది ఇప్పటికీ సాగుతోంది.

శబరిని కొండజాతి సవరలతో ముడిపెట్టడం పండితులకు పాత అలవాటు. ఆ సవరలతో మాట్లాడాలంటే ముందు వాళ్ళ భాష రావాలని గ్రహించినవాడు గిడుగు. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూనే సవర నేర్చుకున్నాడు. 1931లో ఆయన రాసిన సవర వ్యాకరణం అచ్చయింది.

తర్వాత వెర్రియర్ ఎల్విన్ ఒడిశా కొండల్లో సవరల మతాన్ని పరిశీలించి 1955లో పెద్ద పుస్తకమే వేశాడు. అందులో ముఖ్యమైన పాత్ర పూజారమ్మలది. పూజారమ్మ కాబోయే పిల్లకు కలలో పాతాళలోకపు వరుడు కనిపిస్తాడు. తరచుగా అతను హిందువు, పెద్దింటివాడు. పెళ్ళికి ఒప్పుకోకపోతే జబ్బు చేస్తుంది. ఒప్పుకుంటే ఊరంతా కలిసి పెళ్ళి చేస్తారు. భూమ్మీద మామూలు మొగుడూ పిల్లలూ ఉంటారు, పాతాళంలో వేరే సంసారం ఉంటుంది. పైన సవరల మీద అజమాయిషీ చేసే కులాలవాడు కింద సవర ఆడదాని మొగుడై కూర్చోవడం చిన్న చమత్కారం కాదు. 1975 నుంచి అక్కడ పరిశోధించిన పియర్స్ వైటెబ్‌స్కీ కూడా ఆ పూజారమ్మలనే చూశాడు. చచ్చినవాళ్ళు పూజారమ్మ నోట పలుకుతారు, కల్లు తాగుతారు, బతికున్నవాళ్ళతో తగవు పడతారు. చావు ఎందుకొచ్చిందో ఆ వాదంలోనే తేలుతుంది.

ఇక మన పాడేరు మన్యం సంగతి. చైత్రంలో ఇటుకల పండుగకు విత్తనాలకు పూజ చేసేది పూజారి, వేటకు వెళ్ళేది మగవాళ్ళు. వట్టి చేతులతో తిరిగొచ్చినవాళ్ళ మీద పేడనీళ్ళు చల్లి నవ్వేది ఆడవాళ్ళు. దారికి అడ్డంగా దుంగ పెట్టి, వచ్చేపోయేవాళ్ళను ఆపి పజోరు అనే పండుగ చందా వసూలు చేసేదీ వాళ్ళే. పూజ వాళ్ళ చేతిలో లేకపోయినా, పండుగ పరువు వాళ్ళ చేతిలోనే ఉంది. మే నెల జాతరలో అందరూ మొక్కే మోదకొండమ్మ ఆడదేవతే. కానీ దేవత ఆడదైనంత మాత్రాన పూజలో ఆడవాళ్ళకు పెత్తనం వచ్చినట్టు కాదు.

సవర ఊళ్ళలో కథ మరో మలుపు తిరిగింది. గిడుగు సర్కారును అడిగింది బడులు. బడులతో పాటు మిషనరీల బైబిలూ వచ్చింది. చదువుకున్న పిల్లలు బాప్టిస్టులయ్యారు. 2017లో వైటెబ్‌స్కీ వేసిన పుస్తకం పూర్తిగా ఈ మార్పు గురించే. చదవడం వచ్చిన కుర్రాళ్ళు చర్చిలో పెద్దలయ్యారు. ఒక్క అక్షరమూ రాకుండా ఊరి పూర్వీకులందరినీ పేరుపేరునా పిలిచి మాట్లాడించిన ముసలి పూజారమ్మలకు శిష్యురాళ్ళు కరువయ్యారు.