స్కాన్‌లో ఏమీ కనిపించని రోజు

 

ఈ రోజు డాక్టరు పట్టా అందుకుంటున్న మీలో ఎముకల వైపు, కళ్ల వైపు వెళ్లాలనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. అయినా నేను నా గైనిక్ ఓపీ సంగతే మాట్లాడతాను. ఏ మండల కేంద్రంలో డ్యూటీకి కూర్చున్నా నేను చెప్పబోయే ఈ పేషెంటు మీ ముందుకు వస్తుంది.

నెల తప్పి వారం పదిరోజులైంది. కిట్‌తో చూసుకుంటే రెండు గీతలు వచ్చాయి. కాస్త బ్లీడింగ్ కనబడేసరికి భయపడి అత్తగారిని వెంటబెట్టుకుని వచ్చింది. లోపలి స్కాన్ చేశారు. గర్భసంచి ఖాళీ. ట్యూబుల దగ్గర గడ్డేమీ లేదు. సంచి వెనక రక్తం చేరలేదు. బీటా హెచ్‌సీజీ 900. అత్తగారు అడుగుతారు: "బిడ్డ ఉన్నట్టా, లేనట్టా డాక్టరమ్మా?"

పుస్తకాల్లో దీన్ని పీయూఎల్ అంటారు. గర్భం ఉంది, ఎక్కడుందో ఇంకా తేలలేదు. దీన్నే డయాగ్నసిస్ అనుకుని కేస్‌షీట్ మూసేయకండి. ఇలా వచ్చినవాళ్లలో చాలామందికి ఆ గర్భం దానంతటదే పోతుంది, లేదా కొద్దిరోజుల్లో సంచిలోనే కనబడుతుంది. కొందరికి మాత్రం ట్యూబులో పెరుగుతుంటుంది. ఆ కొందరు ఎవరో మొదటిరోజే చెప్పగల పరీక్ష మన దగ్గర లేదు.

అందుకే 48 గంటలకు మళ్లీ రక్తం తీస్తాం. బ్రిటన్‌లోని నైస్ మార్గదర్శకాల లెక్కన ఆ వ్యవధిలో బీటా హెచ్‌సీజీ 63 శాతానికి మించి పెరిగితే, అంటే మన 900 కాస్తా 1467 దాటితే, గర్భం సంచిలోనే ఉండే అవకాశం ఎక్కువ. అప్పుడు వారం రెండు వారాల్లో స్కాన్ చేసి చూసుకోవాలి. సగానికి మించి పడిపోతే అది నిలవకపోవచ్చు. రెండు వారాలకు యూరిన్ టెస్ట్ చేయించాలి. అంకె ఈ రెండింటి మధ్యలో తేలితే మాత్రం 24 గంటల్లో గైనకాలజిస్టు చూసి తీరాలి. ట్యూబులో గర్భం ఈ మూడు దారుల్లోనూ నడవగలదు. కాబట్టి అంకె కంటే ముందు పేషెంటుని చూడండి. నాడి వేగంగా ఉండి, బీపీ పడిపోతుంటే, పొట్ట ముట్టుకోనివ్వకపోతే రిపోర్టు కోసం ఆగకండి. రక్తం సిద్ధం చేసి థియేటర్‌కి కబురు పెట్టండి.

ఒక్క అంకె చూసి తీర్పు చెప్పొద్దని గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 1500 దాటినా సంచిలో కనబడకపోతే ట్యూబులోనే అని ఒకప్పుడు అనేవాళ్లు. అలాంటి గీత వాడదలిస్తే దాన్ని 3500 అంత ఎత్తున పెట్టుకోమని అమెరికా గైనకాలజిస్టుల సంఘం 2018లో చెప్పింది. తొందరపడి మెథోట్రెక్సేట్ ఇచ్చాక వారానికి సంచిలో గుండె కొట్టుకుంటూ కనబడితే ఆ తల్లికి ఏం చెబుతాం? ఆ మందు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి కృషిలోంచి వచ్చింది. లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందమే ఫోలిక్ యాసిడ్‌నీ, దాన్ని అడ్డుకునే ఈ మందులనీ తయారుచేసింది. క్యాన్సర్ కణాలను ఆపినట్టే ట్యూబులో పెరుగుతున్న గర్భాన్ని అది కత్తి పెట్టకుండా ఆపుతుంది. ఎందరో ఆడవాళ్లకు ట్యూబు నిలబెట్టింది. అంత బలమైన మందు కనుకనే, పేషెంటు నిలకడగా ఉన్నప్పుడు రెండో రిపోర్టు రాకుండా దాని జోలికి వెళ్లకండి.

అలాగే, బ్లీడింగ్ అయి సంచి ఖాళీగా ఉంటే "మొత్తం పోయిందమ్మా" అని పంపేయడమూ నాకు భయమే. అంతకుముందు సంచిలో గర్భం ఉన్నట్టు స్కాన్ ఉంటేనే ఆ మాట అనాలి. ఇంకో సంగతి. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో చాలామంది ఆడవాళ్లు చిన్నవయసులోనే ట్యూబెక్టమీ చేయించుకుంటారు. "ఆపరేషన్ అయింది కదా, గర్భం ఎక్కడిది?" అని కొట్టిపారేయకండి. ఆ ఆపరేషన్ తర్వాత అరుదుగా గర్భం వచ్చిందంటే ట్యూబులో ఉండే ప్రమాదం మామూలుకన్నా ఎక్కువ. పెళ్లికాని అమ్మాయి పొత్తికడుపు నొప్పని వస్తే అమ్మని కాసేపు బయట కూర్చోబెట్టి, తనతో విడిగా మాట్లాడి, యూరిన్ టెస్ట్ చేయించండి.

ఇక అత్తగారి ప్రశ్నకు జవాబు. నేనైతే ఇలా చెబుతాను: "గర్భం ఉందమ్మా. ఎక్కడుందో స్కాన్‌లో ఇంకా కనబడలేదు. ఎల్లుండి ఇదే టైముకి రండి, మళ్లీ రక్తం చూద్దాం. ఈలోపు కడుపులో నొప్పి ఎక్కువైనా, కళ్లు తిరిగినా, భుజం చివర నొప్పి పుట్టినా అర్ధరాత్రని చూడకుండా 108కి ఫోన్ చెయ్యండి." ఆ అమ్మాయి కళ్లలోకి చూస్తూ చెప్పండి. ప్రశ్న అత్తగారు అడిగినా కడుపు ఆ అమ్మాయిది.

ఎల్లుండి రావడానికి బస్సు ఉందా, కూలి పోతుందా, తోడెవరు వస్తారు అని అడగండి. రాత్రి ఒంట్లో బాగోలేనప్పుడు ఆసుపత్రికి చేరలేనంత దూరంలో ఇల్లుంటే వార్డులోనే ఉంచండి. ఇంటికి పంపితే చీటీ మీద తెలుగులో తేదీ, టైము రాసి, ఫోను నంబరుతోపాటు ఊళ్లో ఆశా కార్యకర్త నంబరు కూడా తీసుకోండి. రెండో రిపోర్టు వచ్చేసరికి మీ డ్యూటీ అయిపోవచ్చు. వెళ్లేముందు ఆ పేరూ, నంబరూ, మొదటి అంకె కూడా తర్వాతి డ్యూటీ డాక్టరు చేతికివ్వండి. రావలసిన రోజున ఆ అమ్మాయి రాకపోతే ఫోన్ చేయాల్సింది ఎవరో కూడా అప్పుడే తేల్చుకోండి.