బొమ్మకు ముందు బొమ్మ
(వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిలు, హెల్త్ కార్డుల గురించి మాట్లాడే ఈ వేదిక మీద నన్ను బొమ్మల గురించి మాట్లాడమన్నారు. కారణం మీలో చాలామందికి తెలుసు. మన సభ్యులలో ఒకరి మనవడు ఇంటర్ పూర్తిచేసి, ఇంజనీరింగు వద్దు, కాన్సెప్ట్ ఆర్ట్ నేర్చుకుంటానని పట్టుబట్టాడు. ఇంట్లో రెండు నెలలుగా మాటలు లేవు. మా మనవరాలు హైదరాబాదులో అయిదేళ్ళుగా అదే పని చేస్తోంది కనుక, అసలు అదేమి ఉద్యోగమో చెప్పమని నన్ను నిలబెట్టారు.

మన భాషలో చెబుతాను. ఆఫీసులో ఏ ఉత్తర్వు అయినా నేరుగా పుట్టదు. ముందు డ్రాఫ్టు పెడతాం. పై అధికారి కొట్టివేతలు పెడతారు, మళ్ళీ రాస్తాం, చివరకు ఫెయిర్ కాపీ వెళుతుంది. సినిమాకు, కార్టూను చిత్రానికి, వీడియో గేముకు అలా బొమ్మల్లో పెట్టే డ్రాఫ్టే కాన్సెప్ట్ ఆర్ట్. కథలో "పాడుబడిన కోట" అని రెండు మాటలుంటాయి. దర్శకుని మనసులో ఒక కోట, వడ్రంగి మనసులో ఇంకొకటి, కెమెరామన్ మనసులో మరొకటి. బొమ్మ వేసి చూపితే అందరికీ ఒకే కోట అవుతుంది. మనుషులు, దుస్తులు, ఇళ్ళు, రంగులు, వెలుతురు, ఇలా ఒక లోకానికంతటికీ రూపం తేల్చే పనిని విజువల్ డెవలప్‌మెంట్ అంటున్నారు.

ఇది కొత్త విద్య అనుకోకండి. 1957లో వచ్చిన 'మాయాబజార్' చూడని వారు ఈ హాలులో ఉండరు. దానికి కళాదర్శకులు మాధవపెద్ది గోఖలే గారు, కళాధర్ గారు. గోఖలే గారు చేయి తిరిగిన చిత్రకారుడు, కథలు కూడా రాశారు. ఘటోత్కచుడు ఎలా ఉంటాడో ఎవరు చూశారు? ఎవరో ఒకరు ముందు కాగితం మీద తేల్చాలి. ఈనాటికీ ఘటోత్కచుడంటే మనకు రంగారావు గారే కళ్ళలో మెదులుతారు. అందులో నటుని గొప్పతనం ఎంతో, వేషం గొప్పతనమూ అంతే అని నా అభిప్రాయం.

ఈ పని విలువ తెలియడానికి అమెరికాలో జరిగిన ఒక సంగతి చెబుతాను. 'స్టార్ వార్స్' తీయాలనుకున్న జార్జి లూకాస్ కథను ఒకటి రెండు కంపెనీలు కాదన్నాయి. అప్పుడాయన రాల్ఫ్ మెక్వారీ అనే చిత్రకారునితో రంగుల బొమ్మలు వేయించాడు. ఈ మెక్వారీ అంతకుముందు బోయింగు విమానాల కంపెనీలో బొమ్మలు గీసినవాడు. అవి చూశాక డబ్బు పెట్టే పెద్దలకు కథ కంటికి ఆనింది. అంతేకాదు. కథలోని ప్రతినాయకుడు ఒక ఓడలో నుంచి ఇంకో ఓడలోకి ఆకాశంలో దాటాలి. గాలి లేనిచోట ఊపిరి ఎలా పీలుస్తాడని మెక్వారీకి అనుమానం వచ్చి, ముఖానికి ముసుగు వేశాడు. 1977లో చిత్రం విడుదలైతే, ఆ నల్ల ముసుగు, ఆ బుసకొట్టే ఊపిరి లోకమంతా గుర్తుపట్టే గుర్తులయ్యాయి. రాతలో ఎవరికీ తట్టని ప్రశ్న గీతలో తగిలింది. మంచి డ్రాఫ్టు రాసే గుమస్తాకూ ఈ గుణం ఉంటుందని మనవి.

బాపు గారు తన చిత్రాలకు షాటు షాటుకూ బొమ్మ వేసుకునేవారు కదా, అదే ఇదా అని మొన్న ఒకరు అడిగారు. కాదు. అది స్టోరీబోర్డు. ఏ షాటు తరువాత ఏ షాటో చెబుతుంది. ఇది ఆ లోకం ఎలా ఉండాలో చెబుతుంది. రెండూ ఒకరే చేయవచ్చు, అది వేరే మాట.

మా మనవరాలు ఒక కోట తలుపుకు ముప్పై చిన్న బొమ్మలు వేసింది. ఇరవై తొమ్మిది పక్కన పెట్టారు. మిగిలిన దానికి ముందు, పక్క, వెనుక వైపులు కొలతలతో గీసి ఇచ్చింది. ఇంజనీరింగు శాఖ మిత్రులకు ప్లాను, ఎలివేషను అంటే అర్థమవుతుంది. గేము బయటకు వచ్చేదాకా ఆ బొమ్మ ఇంట్లో వాళ్ళకు కూడా చూపకూడదని కంపెనీ షరతు. "నీ పేరు వేస్తారా అమ్మా?" అని అడిగాను. "చివర్లో చిన్న అక్షరాలలో, వందల పేర్లలో ఉంటుంది తాతయ్యా" అంది. ఇలాంటి బొమ్మలను మన దేశంలో చాలాకాలం ఎల్.డిస్ కాగితాల్లాగా చూశారు, పని అయ్యాక చించేయడమే. వాటిలో ఆర్.డిస్ చేసి శాశ్వతంగా దాచవలసినవి ఎన్ని పోయాయో!

ఇక అసలు భయం. 2022 నుంచి మాటలు టైపు చేస్తే క్షణాల్లో బొమ్మ ఇచ్చే యంత్రాలు అందరి చేతికీ వచ్చాయి. ఈ వృత్తిలో కొన్ని ఉద్యోగాలు పోతాయి. దాచి లాభం లేదు, కంప్యూటర్లు వచ్చాక మన టైపిస్టు పోస్టులు ఏమయ్యాయో చూశాం. అయితే ఆ తలుపు ఎటు తెరుచుకోవాలి, ఏనుగు పడుతుందా, గడియ ఎక్కడ అని అడిగితే జవాబు చెప్పవలసింది మనిషే. అందుకని ఆ అబ్బాయికి నేను చెప్పేది ఒకటే: కంప్యూటరు తరువాత, ముందు పెన్సిలు పట్టు. రోజూ బస్టాండులో కూర్చుని మనుషులను గీయి.

తల్లిదండ్రులకు ఒక సమాచారం. హైదరాబాదు మాసబ్‌ట్యాంకులోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో నాలుగేళ్ళ బి.ఎఫ్.ఏ. ఉన్నది, యానిమేషను కూడా చెబుతారు. ప్రవేశ పరీక్ష రాయాలి. అబ్బాయి బొమ్మల పుస్తకం తీసుకుని, మా మనవరాలు సంక్రాంతికి వచ్చినప్పుడు మా ఇంటికి రండి. మొహమాటం లేకుండా చెప్పమని దానికి నేను చెబుతాను. తాతగారు కూడా రావాలి, నాన్నగారు తప్పకుండా రావాలి.

భోజనాల వేళయింది. సెలవు.